పిప్పి పన్ను గురువారాలు

ఆ రోజుల్లో మగవాడు మంచివాడని పేరు తెచ్చుకోవడం ఇప్పుడున్నంత కష్టం కాదు. తాగకూడదు, పేకాటలో ఇల్లు గుల్ల చేయకూడదు, నెల తిరిగేసరికి జీతం ఇంటికి తేవాలి, పెళ్ళాం మీద గొంతు లేపకూడదు. ఈ నాలుగింటిలో మూడు చేస్తే చాలు, "బంగారంలాంటి మనిషి" అని అత్తవారి వైపు వాళ్ళు కూడా ఒప్పేసుకునేవారు. నేను నాలుగూ చేసేవాణ్ణి. అంచేత నన్ను నేను ఫస్టు క్లాసులో పాసైనవాడి కింద జమకట్టుకుని, ఆ ధీమాతోనే డెబ్భైల చివర్లో అమెరికాలో దిగాను. దిగాక తెలిసిందేమిటంటే ఇక్కడ సిలబస్ వేరు. పైగా అది కూడా అప్పుడప్పుడే మారుతోంది. కొత్తది ఏమిటో అమెరికా మగవాళ్ళకే సరిగ్గా తెలియదు, ఇంక నాకెవరు చెప్తారు? ఆ పరీక్షలో నేను తొమ్మిది వారాల పాటు ఎలా కాపీ కొట్టానో, ఎక్కడ దొరికిపోయానో చెప్తాను.

ఎనభైల మొదట్లో మేం న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నేను నీళ్ళ పంపులు తయారుచేసే కంపెనీలో డిజైన్ ఇంజనీర్ని. మా ఆవిడ డాక్టరు. అరగంట దూరంలో ఉన్న హాస్పిటల్లో రెసిడెన్సీ చేస్తోంది (అంటే ఆవిడకి ఇల్లు ఒక లాడ్జి, హాస్పిటల్ కాపురం). మా చిట్టికి నాలుగేళ్ళు. పగలంతా కింద వాటాలో ఉండే ఒక గుజరాతీ పెద్దావిడ చూసుకునేది, చిట్టి ఆవిణ్ణి "బా" అని పిలిచేది. అంతా సాఫీగా పోతోందనగా ఒక సోమవారం బా మా ఇద్దర్నీ పిలిచి, "ఇకనుంచి గురువారం మూడింటికి నాకు సత్సంగం ఉంది, పిల్లని తీసుకెళ్ళిపోండి" అంది. గురువారం మా ఆవిడకి సాయంత్రం ఏడింటిదాకా డ్యూటీ, మార్చడానికి వీల్లేదు. "నువ్వేం కంగారుపడకు, నేను చూసుకుంటాను" అన్నాను ఛాతీ కొంచెం ముందుకు పెట్టి. ఆవిడ కళ్ళు చెమరుస్తాయేమోనని చూశాను. ఆవిడ "సరే" అని కారు తాళాలు వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.

నిజం చెప్పాలంటే నాకు పిల్లని చూసుకోవడం కష్టం కాదు, ఆఫీసులో చెప్పడమే కష్టం. మా మేనేజర్ ఆరడుగుల పైచిలుకు మనిషి. ఎవరితో మాట్లాడుతున్నా చూపు మాత్రం గోడ గడియారం మీదే ఉంటుంది, అందుకని నేను మనసులో ఆయనకి గడియారం దొర అని పేరు పెట్టుకున్నాను. నా గ్రీన్‌కార్డ్ కాగితాలు అప్పుడు కంపెనీ చేతిలో ఉన్నాయి, అంటే ఆయన చేతిలో ఉన్నట్టే. బుధవారం సాయంత్రం, చెప్పాల్సిన వాక్యం కారిడార్‌లో మూడుసార్లు వల్లెవేసుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్‌లో ఇంకో డిపార్ట్‌మెంట్ వాళ్ళతో నవ్వుతూ, "పిల్లాడికి జ్వరమని సెలవు పెట్టాడా? ఆ ఇంట్లో తల్లి ఎవరయ్యా?" అంటున్నాడు. ఫోన్ పెట్టేసి గడియారం చూసి, "ఏమిటి సంగతి?" అన్నాడు.

"గురువారం మూడింటికి వెళ్ళాలండి" అన్నాను.

"ఎందుకు?"

"డెంటిస్ట్" అంది నా నోరు. నన్ను అడక్కుండానే అంది.

"ఓ, పళ్ళతో ఆటలాడకూడదు, వెళ్ళు వెళ్ళు" అన్నాడు, ఎంతో ఆప్యాయంగా. ఆ కంపెనీలో చేరిన రెండేళ్ళలో ఆయన నాతో అంత ప్రేమగా మాట్లాడటం అదే మొదటిసారి. పన్నుకి ఇంత గౌరవం ఉంటుందని నాకు తెలియదు.

ఆ మొదటి గురువారం పిల్లని తీసుకుని ఎక్కడికి వెళ్ళాలో తెలియక ఊరి లైబ్రరీకి వెళ్ళాను. అక్కడ మూడున్నరకి చిన్నపిల్లలకి కథలు చెప్తారట. ఓ పన్నెండుమంది తల్లులు, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని తివాచీ మీద గుండ్రంగా కూర్చుని ఉన్నారు. నేను గోడవారగా కుర్చీలో పేపర్ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. కళ్ళజోడు గొలుసుతో మెళ్ళో వేసుకున్న లైబ్రేరియన్ నా దగ్గరికి వచ్చి, "పిల్లలతో వచ్చినవాళ్ళంతా తివాచీ మీదేనండీ" అంది మర్యాదగా. వెళ్ళి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. తల్లులు కొంచెం జరిగారు. పాట మొదలైంది, చేతులు తిప్పాలి, చెవులు పట్టుకోవాలి, ముక్కు ముట్టుకోవాలి. టై కట్టుకుని చెవులు పట్టుకున్న మగవాణ్ణి చూసి ఒక చంటివాడు పాట అయ్యేదాకా నోరు మూయలేదు. మా చిట్టి మాత్రం నా ఒళ్ళో సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చుంది.

మూడోవారం లైబ్రేరియన్‌కి జలుబు చేసి గొంతు పోయింది. ఆవేళ కథలో నిద్రపట్టని ఎలుగుబంటి ఒకటుంది, అది పేజీకోసారి గట్టిగా అరవాలి. ఆవిడ చుట్టూ చూసి, "మీ గొంతు బాగా లోతుగా ఉంటుందనుకుంటాను" అంది నాతో. నేను మొహమాటపడుతుంటే చిట్టి నా చెయ్యి పైకెత్తేసింది. ఎలుగుబంటి ఎలా అరుస్తుందో నాకేం తెలుసు? హైస్కూల్లో మా లెక్కల మాస్టారు, ఇంటిపని చెయ్యనివాణ్ణి లేపేటప్పుడు ఒక గర్జన చేసేవారు. కళ్ళు మూసుకుని ఆయన్ని తలుచుకుని అరిచాను. పిల్లలంతా ఒకేసారి "మళ్ళీ!" అని కేకలు. ఆ రోజు నుంచి ఎలుగుబంట్లు, తోడేళ్ళు, రాక్షసులు, ఒకసారి రైలింజను, అన్నీ నా కిందికే వచ్చాయి. తల్లులు నాకు చోటు ఉంచడం మొదలుపెట్టారు. దగ్గుమందులూ, పిల్లల బూట్ల సైజులూ, అన్నం తినిపించడంలో మెళకువలూ నా ముందే మాట్లాడుకునేవారు. నేనూ రసం అన్నం గురించి ఒకసారి ఉపన్యాసం ఇచ్చాను.

ఇలా లైబ్రరీలో నా పేరు పెరుగుతున్నకొద్దీ ఆఫీసులో నా పళ్ళు రాలుతున్నాయి. ఒకే పన్నుకి ఎన్ని వారాలు వైద్యం చేయిస్తాం? ఎడమ దవడ చివర మొదలుపెట్టి వారానికొకటి చొప్పున వరసగా కుడివైపుకి నడిపించుకుంటూ వచ్చాను. ఒక్కోసారి మర్చిపోయి ఎడమ పన్ను చెప్పి కుడి బుగ్గ పట్టుకునేవాణ్ణి. మా సెక్రటరీ పెద్దావిడ, అరవై దాటిన మనిషి, నన్ను చూసి తల్లడిల్లిపోయేది. శుక్రవారం ఉదయం వచ్చేసరికి నా డ్రాయింగ్ బోర్డ్ పక్కన ఉడకబెట్టి మెత్తగా మెదిపిన ఆపిల్ గుజ్జు ఒక సీసా నిండా ఉండేది. ఒక వారం లవంగనూనె కూడా తెచ్చింది, దూదితో ఎలా అద్దుకోవాలో ఆవిడే చూపించింది. (అద్దుకున్నాను. ఆరోగ్యంగా ఉన్న చిగుళ్ళకి లవంగనూనె రాస్తే ఎలా ఉంటుందో వర్ణించను.)

అన్నిటికంటే కష్టం ఆఫీసు పిక్నిక్ నాడు. ఎండాకాలం, పార్కులో పొయ్యిలు వెలిగించి మాంసాలు కాలుస్తున్నారు. శాకాహారినైన నేను తినగలిగేది ఆ మొత్తం విందులో ఒక్కటే, మొక్కజొన్న పొత్తులు. మొక్కజొన్న పొత్తంటే నాకు ప్రాణం. లేతవి, వెన్న రాసినవి, కుప్పగా పోసి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నానో లేదో సెక్రటరీ పెద్దావిడ పరుగున వచ్చి, "అయ్యో నాయనా, ఆ పళ్ళతోనా!" అని లాక్కుని, నా ప్లేట్‌లో ఇంత బంగాళాదుంప ముద్ద పెట్టింది. గడియారం దొర నా ఎదురుగా కూర్చుని నాలుగు పొత్తులు తిన్నాడు. నాలుగూ లెక్కపెట్టాను.

మరి నిజం చెప్పేయొచ్చు కదా అంటారా? అదే పెద్ద చిక్కు. వీకెండ్ మన తెలుగువాళ్ళు నాలుగైదు కుటుంబాలు కలిసేవాళ్ళం. అక్కడ నేను బావగారూ అని పిలిచే ఒక స్నేహితుడు, నేను చిట్టికి జడ వేస్తుంటే చూసి, "ఏం ఆయాగారూ, జీతం ఎంతిస్తున్నారు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినవాళ్ళలో నా గొంతే గట్టిగా వినిపించింది. ఇంట్లో జడ వేసిన మగవాడు బయట ఆ సంగతి దాచుకోవాలని, దాచుకోవడమే పరువని, ఎవరూ చెప్పకుండానే నేర్చేసుకున్నాను.

తొమ్మిదో వారం గడియారం దొర నన్ను పిలిచాడు. "తొమ్మిది వారాల్లో తొమ్మిది పళ్ళా? నీ డెంటిస్ట్ దొంగ" అన్నాడు కోపంగా, నా తరఫున కోపం. "మా ఆవిడ తమ్ముడు మంచి డెంటిస్ట్. ఈ గురువారం నాలుగింటికి నీకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఫీజు గురించి ఆలోచించకు." నేను కాదనడానికి నోరు తెరిచాను. తెరిచిన నోట్లోకి ఆయన జాలిగా తొంగిచూశాడు.

గురువారం కారు లైబ్రరీ మలుపు దాటి నేరుగా వెళ్ళేసరికి వెనక సీట్లోంచి, "నాన్నా, రాంగ్ వే" అంది చిట్టి. "ఇవాళ ఒక చిన్న పని ఉందమ్మా" అన్నాను. "మరి బేర్ ఎవరు చేస్తారు?" అంది. దారంతా అది కిటికీలోంచి చూస్తూ మౌనంగా ఏడ్చింది. గట్టిగా ఏడిస్తే బాగుండేది.

డెంటిస్ట్ కుర్రవాడు, సరదా మనిషి. నన్ను కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో చిన్న అద్దం పెట్టి, లైటు దగ్గరికి లాగి ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకి చూశాడు. ఇంకోసారి చూశాడు. "వైద్యం చేసిన పళ్ళు ఎక్కడున్నాయి?" అన్నాడు. నోట్లో అద్దం, కింద పెదవి మీద ఆయన వేలు, నేనేం చెప్పను? "ఇంత గట్టి పళ్ళు నేను గుర్రాలకి తప్ప చూడలేదు. అసలు నిన్ను ఏ డెంటిస్ట్ చూస్తున్నాడు?" అన్నాడు.

మూలన కుర్చీలో బొమ్మ పట్టుకుని కూర్చున్న చిట్టి స్పష్టమైన అమెరికన్ ఇంగ్లీషులో జవాబిచ్చింది. "మా నాన్న డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళడు. లైబ్రరీకి వెళ్తాడు. మా నాన్న ఎలుగుబంటి."

డెంటిస్ట్ అద్దం బయటికి తీశాడు. నేను లేచి కూర్చుని మొత్తం చెప్పాను, చెప్పక ఏం చేస్తాను? ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు అయ్యాక, "మా బావకి నేను ఒకటే చెప్తాను, పళ్ళు బాగున్నాయని. మిగతాది నువ్వు చెప్పుకో" అన్నాడు. చిట్టికి ఒక చిన్న టూత్‌బ్రష్ ఇచ్చాడు. నాకేమీ ఇవ్వలేదు.

తిరుగు ప్రయాణంలో చాలాసేపటికి చిట్టి, "నాన్నా, లైబ్రరీ బ్యాడ్ ప్లేసా?" అంది.

"కాదమ్మా, చాలా మంచి చోటు."

"మరి నువ్వు ఎందుకు చెప్పలేదు?"

నాలుగేళ్ళ పిల్ల. నేను ఎమ్మెస్ చదివినవాణ్ణి. ఎర్రలైటు పడింది, పచ్చలైటు పడింది, వెనకవాడు హారన్ కొట్టాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆవిడకి ఇదంతా హాస్యకథలా చెప్పాను. డెంటిస్ట్‌నీ, లవంగనూనెనీ, మొక్కజొన్న పొత్తునీ అభినయించి మరీ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. చారు కలుపుకోవడం ఆపి, "హాస్పిటల్లో అందరికీ నేను మా ఆయన గురువారం గురువారం పాపని చూసుకుంటారని చెప్తున్నాను. మా చీఫ్‌కి కూడా చెప్పాను. ఎంత గర్వంగా చెప్పుకున్నానో!" అంది.

"నీకు సాయంగా ఉంటుందనే కదా చేస్తున్నాను" అన్నాను, కొంచెం నొచ్చుకుని.

"నాకు సాయం ఏమిటండీ? పిల్ల నా ఒక్కదానిదా?" అని కంచం పక్కకి జరిపి, "మీకు పిల్ల ఉందని చెప్పుకోవడం కంటే పళ్ళు పుచ్చాయని చెప్పుకోవడమే గౌరవంగా ఉందా?" అంది.

ఆవిడ గొంతు లేపలేదు. గొంతు లేపకుండా ఉంటే మంచి మనిషని నేను పెట్టుకున్న లెక్క ప్రకారం కూడా ఆవేళ ఆవిడే మంచి మనిషి. నేను కంచంలో చెయ్యి కడుక్కుని లేచాను.

మర్నాడు పొద్దున్నే గడియారం దొర గదికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. "నీ పళ్ళు బాగున్నాయట" అన్నాడు ఆయన, చాలా మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడితే మరీ భయం. నిలబడే చెప్పాను. డెంటిస్ట్ లేడు, పన్ను లేదు, కూతురుంది, గురువారం లైబ్రరీకి తీసుకెళ్తున్నాను, అక్కడ కథల్లో ఎలుగుబంటిని నేనే, అబద్ధం చెప్పాను, తప్పు నాదే. చెప్తున్నంతసేపూ కళ్ళ ముందు నా గ్రీన్‌కార్డ్ కాగితాలు ఒకటొకటిగా చెత్తబుట్టలోకి ఎగిరి పడుతున్నట్టే ఉంది.

"పని ఏమైనా ఆగిందా?" అన్నాడు.

"లేదండి. డ్రాయింగులు ఇంటికి తీసుకెళ్ళి పూర్తి చేశాను."

"పని గురించి నాకు కోపం లేదు. అబద్ధం గురించి ఉంది. తొమ్మిది వారాలు నీ పళ్ళ గురించి మా ఆవిడతో కూడా మాట్లాడాను." ఆయన మొట్టమొదటిసారి గడియారం వంక కాకుండా నా వంక చూశాడు. "నాకిద్దరు కొడుకులు. ఇప్పుడు కాలేజీలో ఉన్నారు. వాళ్ళ చిన్నప్పుడు గురువారాలు ఉండేవో లేవో నాకు తెలియదు." కాసేపు పెన్సిల్ తిప్పి, "గురువారం పొద్దున్న ఏడింటికి రా, మూడింటికి వెళ్ళు. ఇంకోసారి అబద్ధం చెప్తే మాత్రం నిజంగా పళ్ళు రాలతాయి" అన్నాడు.

బతుకు జీవుడా అని తలుపు దాకా వెళ్ళాను. "ఆగు" అన్నాడు. "ఎలుగుబంటినన్నావు కదా. ఎలా అరుస్తావు?"

"ఇక్కడా అండీ?"

"ఇక్కడే."

మా లెక్కల మాస్టార్ని మనసులో తలుచుకుని అరిచాను. రాత్రంతా నిద్రలేని భయమూ, సిగ్గూ, ఉద్యోగం నిలిచిందన్న సంతోషమూ అన్నీ అందులోంచే బయటపడ్డాయి. బయట టైప్‌రైటర్లు టక్కున ఆగిపోయాయి. తలుపు తీసేసరికి హాలంతా లేచి నిలబడి ఉంది. మేనేజర్ నన్ను నిలువునా చీల్చేశాడని, ఉద్యోగం ఊడిందని అందరూ నిశ్చయించుకున్నారు. సెక్రటరీ పెద్దావిడ నా బోర్డ్ మీది సామాను సర్దడానికి అప్పటికే ఒక అట్టపెట్టె తెచ్చి పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటోంది. గడియారం దొర నా వెనకే వచ్చి, "ఇతని పళ్ళకి ఏ జబ్బూ లేదు. గురువారాలు మూడింటికి వెళ్ళి కూతురికి కథలు చెప్పిస్తాడు. పని చూసుకోండి" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక ముసలి డ్రాఫ్ట్స్‌మన్ మాత్రం, తనకి పిల్లలు లేరు కాబట్టి చేపలు పట్టుకోవడానికి సెలవు ఇస్తారా అని అడిగాడు. మధ్యాహ్నం, నా పక్క బోర్డ్ మీద పనిచేసే ఒకతను, ఎప్పుడూ పలకరించనివాడు, నీళ్ళ కోసం వచ్చినట్టు వచ్చి, "ఎలా అడిగావు?" అన్నాడు చిన్నగా. వాళ్ళావిడకి మూడోనెలట. సెక్రటరీ పెద్దావిడ రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ కోపం న్యాయమైనదే.

ఆ ఆదివారం బావగారు మళ్ళీ "ఆయాగారూ" అన్నప్పుడు, గురువారం సంగతి నేనే అందరికీ చెప్పాను. ఆయన ఈసారీ నవ్వాడు. నేను ఈసారి నవ్వలేదు. అంతే, అంతకుమించి వీరత్వమేమీ జరగలేదు. చిట్టి జడ సగంలో ఉంది, అది పూర్తి చేశాను. ఆ తర్వాత చిట్టి స్కూల్లో చేరేదాకా ఇంకో ఏడాదిపైన, గురువారాలు లైబ్రరీ తివాచీ మీద నేను అరుస్తూనే ఉన్నాను.

ఇప్పుడు చిట్టికే ఒక పాప. అల్లుడు ఆఫీసుకి ఒక ఈమెయిల్ పంపి మూడు నెలలు సెలవు తీసుకుని, పాపని గుండెకి కట్టుకుని కూరగాయలు కొనడానికి వెళ్తున్నాడు. ఎవరికీ ఏ పన్నూ చూపించక్కర్లేదు. ఈమధ్య ఫోన్‌లో చిట్టి, "నాన్నా, పాపని లైబ్రరీకి తీసుకెళ్తున్నాం. ఎంత నచ్చిందో! చిన్నప్పుడు నన్ను కూడా అమ్మ తీసుకెళ్ళేది కదా, అక్కడ ఎవరో బేర్‌లాగా భలే అరిచేవాళ్ళు" అంది.

నిజంగా మంచివాడైతే ఆ మాట విని నవ్వి ఊరుకుంటాడు. పిల్ల సంతోషంగా ఉంది, కథలు గుర్తున్నాయి, ఇంకేం కావాలి? నేను ఊరుకోలేదు. "అమ్మ కాదు, నేను! అరిచింది కూడా నేనే!" అని మొదలుపెట్టి, ముప్పావుగంట సేపు సాక్ష్యాలతో సహా నిరూపించాను. పక్కగదిలో మా ఆవిడ నవ్వు ఆపుకోలేక దగ్గుతోంది. చివరికి చిట్టి, "సరే నాన్నా, సరే, నువ్వే. ఏదీ ఒకసారి అరిచి చూపించు, పాప వింటుంది" అని ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. డెబ్భై దాటిన గొంతు కదా, సగంలో దగ్గు వచ్చింది. అవతల పాప మాత్రం కిలకిల నవ్వింది.